తలకిందుల కాపురంలో ఆఖరి మాట

ఈ పంట్లాం నడుము దగ్గర ఇంత బిగుతెప్పుడైంది, పద్దెనిమిదేళ్ల కిందట ఇదే వేషంలో వేలు దూరేది, అప్పుడు లండనంతా విరగబడి చూసింది ఈ ‘తలకిందుల కాపురం’, పెళ్లాం పంట్లాం తొడుక్కుని పెత్తనం చేస్తుంటే మొగుడు ఏప్రన్ కట్టుకుని ఉయ్యాల ఊపడం, తర్వాత లీడ్స్‌లో, మాంచెస్టర్‌లో అవే నవ్వులు, ఇవాళ మళ్లీ కొత్తగా తొలి ప్రదర్శన, మోకాళ్ల మీద కూర్చున్న హెస్టర్ చేతిలో తాళాల గుత్తి, ఎదురుగా ఏప్రన్‌తో ఆంబ్రోస్, నాటకంలోనూ బయటా మొగుడు అతనే, ఇక మిగిలింది ఒక్క మాట, ఏలుకోండి, ఇల్లు మీది, నేనూ మీదాన్నే, ఆఖరి మాట రిహార్సల్లో పలికితే నాటకం మునుగుతుందని అందరికీ భయం, అందుకే ఇన్నాళ్లూ ఆ చోటికి రాగానే తాళాలు చాచి నోరు మూసుకునేది, అంతా టీకి లేచేవారు, ఇవాళ ఆ మాట అననని తనకైనా ముందు తెలియలేదు.

ఇందాక మొహానికి రంగు పూసుకుంటూ ఆంబ్రోస్ అద్దంలోంచే అన్నాడు, హెస్టీ, రేపట్నుంచి నువ్వు ఆఫీసు గదికి రానక్కర్లేదు, బాగా అలిసిపోయావు, హాయిగా ఇంటిపట్టునుండు, ఎంత ప్రేమగా అన్నాడో, నిజంగా ప్రేమే, కడుపు మండుతున్నదీ అందుకే, పక్షవాతంతో అతను రెండేళ్లు మంచాన పడితే జావ తాగించిన చేత్తోనే థియేటర్ నడిపింది, గ్యాసు దీపాలవాడితో గొడవలు, తాగొచ్చిన విలన్ నెత్తిన నీళ్లు గుమ్మరించి స్టేజీ ఎక్కించడాలు, ఒక్క రోజు తలుపు మూతపడనివ్వలేదు, అలిసిపోయానని మీకెవరు చెప్పారండీ అని అడగాల్సింది, సరేనండీ అంది, ఛీ, ఆ సరేనండీ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో, ప్రాంప్టర్ టబ్స్‌కి అప్పుడే తెలిసినట్టుంది, ఇకమీదట ఏదైనా అయ్యగారినే అడగాలటగా అమ్మా, అన్నాడు నేల చూస్తూ.

ఇలా తాళాలు పట్టుకుని ఎంతసేపైంది, గ్యాలరీలోంచి ఎవడో అరిచాడు, ఇచ్చెయ్ తల్లీ, మా ఆవిడ చూస్తోంది, ఘొల్లున నవ్వులు, ఇవ్వకమ్మోయ్ అని ఒక ఆడగొంతు, ఇంకా నవ్వులు, స్టేజీ పక్క వింగులోంచి టబ్స్ మాట అందిస్తున్నాడు, ఏలుకోండి, అమ్మా, ఏలుకోండి, తనకు గుర్తులేకనా, ఆంబ్రోస్ మొహాన నవ్వు అలాగే ఉంది కానీ పళ్ల సందుల్లోంచి, హెస్టీ, పరువు పోతోంది, చెప్పు, చెయ్యి చాచాడు, ఆ చెయ్యి ఇంకా వణుకుతోంది, అయ్యో అనిపించింది, అయ్యో అనిపించినప్పుడల్లా ఏదో ఒకటి వదులుకుంటూనే వచ్చింది, లేచి నిలబడింది, మోకాలు కలుక్కుమంది, పద్దెనిమిదేళ్ల కిందట గలగలా నవ్వుతూ అనేసింది కదా, ఇదే మాట, ఇదే మొగుడు, ఇవే రేకు తాళాలు, మరి ఇవాళేమొచ్చింది, ఏమీ రాలేదు, అప్పుడు తన చేతిలో ఇవ్వడానికేమీ లేదు, ఇప్పుడుంది, ఇవ్వాలని లేదు.