డిస్ట్రిబ్యూటర్ మీద తెల్ల గీత

గీత మళ్లీ జరిగింది.

మెకానిక్ స్టెతస్కోపు తన కళ్లజోడు సర్దుకుని, టార్చి వేసి, ఇంజిన్ మీదకి వంగి ఇంకోసారి చూశాడు. నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నిర్ణయించేది డిస్ట్రిబ్యూటర్. దాన్ని కాస్త అటూ ఇటూ తిప్పితే చాలు, ఇంజిన్ జాతకం మారిపోతుంది. నిన్న దాన్ని తన చేత్తో తనే బిగించి, దాని మీద నుంచి కింద బ్లాకు మీదకి కలిసేలా సన్నటి తెల్ల రంగు గీత గీశాడు. ఇప్పుడు పై గీతకీ కింది గీతకీ మధ్య నువ్వుగింజంత తేడా ఉంది.

"దొరికావురా," అన్నాడు పైకే. ఎవరు దొరికారన్నది ఆలోచించాల్సిన పనే లేదు. షెడ్డుకి తాళంచెవులు రెండే. ఒకటి తన జేబులో ఉంది, రెండోది తన దగ్గరే పనిచేసే బావమరిది జేబులో.

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. రాగి గొట్టం ఒక కొస ఇంజిన్‌కి బిగిస్తాడు, రెండో కొసకి రబ్బరు గొట్టం తగిలించి చెవిలో పెట్టుకుంటాడు, లోపలి రోగమేమిటో చెప్పేస్తాడు. అందుకని స్టెతస్కోపు. ఆ పేరంటే ఆయనకి లోలోపల మహా మురిపెం. ఇక అనుమానమంటారా, అది పుట్టుకతో వచ్చిన ఆస్తి. కొత్త బోల్టు కొన్నా అయస్కాంతం పెట్టి చూస్తాడు. ఎవరైనా నమస్కారం పెడితే, ఎందుకు పెట్టాడా అని సాయంత్రం దాకా ఆలోచిస్తాడు.

ఈ కారు పళ్ల డాక్టరుది. పాతది, ఆరు సిలిండర్లది. పొద్దస్తమానం జనం నోళ్లలోకి చూసి చూసి విసిగిపోయి, సెలవు రోజున కొండదారిలో రివ్వున పోవాలని ఆయనకి సరదా పుట్టింది. దానికి సూపర్‌ఛార్జర్ పెట్టమన్నాడు. అంటే బెల్టుతో తిరుగుతూ ఇంజిన్ గొంతులోకి గాలి కుక్కే యంత్రం. షరతు మాత్రం ఒక్కటే. రేసు పెట్రోలు కోసం ఊరూరా తిరగడం తన వల్ల కాదు, వీధి చివర బంకులో పోసే మామూలు పెట్రోలుతోనే బండి నడవాలి.

తిరకాసంతా అక్కడే ఉంది. గాలి ఎక్కువ కుక్కితే మామూలు పెట్రోలు నిప్పురవ్వ పడేదాకా ఆగదు, తనంతట తనే భగ్గుమంటుంది. అప్పుడు స్టీలు గ్లాసులో ఇసక వేసి ఆడించినట్టు సన్నటి మోత వస్తుంది. ఆ మోతని వదిలేస్తే పిస్టన్ కరిగి చిల్లుపడుతుంది. అందుకే రవ్వ పడే టైమింగ్‌ని కొంచెం కొంచెంగా ముందుకి జరుపుతూ పోయి, మోత వినపడగానే వెనక్కి తగ్గాలి. ఎక్కడ తగ్గాలో చెప్పేది చెవే. ఆ చెవి ఈ చుట్టుపక్కల స్టెతస్కోపుకి తప్ప ఇంకెవరికీ లేదని అందరూ అంటారు. అందరికన్నా ముందు ఆయనే అంటాడు.

అలాంటిది, మొదటిసారి కట్టిన ఇంజిన్ కొండ ఎక్కకుండానే చచ్చింది. మూడో పిస్టన్‌కి బొటనవేలు దూరేంత చిల్లు. స్టెతస్కోపు తిన్నగా బంకుకి పోయి, బళ్లన్నీ వరసలో ఉండగా పెట్రోలు పట్టిన సీసా ఎత్తి చూపిస్తూ, "కల్తీ పెట్రోలు పోస్తావా, సిగ్గులేదా?" అని నానా రభసా చేశాడు. బంకాయన ముఖం మాడిపోయింది. తర్వాత పిస్టన్లు అమ్మినవాడి మీద విరుచుకుపడ్డాడు. చివరికి పిస్టన్లకి రింగులు ఎక్కించిన బావమరిది మీదకి వచ్చి, అక్కడ మాత్రం నోరు తెరవకుండా అనుమానాన్ని కడుపులో దాచుకున్నాడు. కడుపులో దాచిన అనుమానం అరగదు కదా.

ఈసారి అన్నీ తనే చేశాడు. పిస్టన్లు తనే ఏరి తెచ్చాడు. వేడికి ఉబ్బినప్పుడు కొసలు గుద్దుకోకుండా రింగులని తనే ఆకురాయితో అరగదీశాడు. ఒత్తిడి తగ్గేలా మందపాటి గాస్కెట్ వేశాడు. బావమరిదికి మిగిల్చింది తుడిచే గుడ్డ ఒక్కటే. ఈ ఇంజిన్ కూడా పోయిందంటే పళ్ల డాక్టరు ఊరుకున్నా ఊరు ఊరుకోదు. ఎదురుగా కొత్తగా కంప్యూటర్లతో ఇంజిన్లు చూసే షెడ్డు వెలిసింది. ఉన్న కాస్త పనీ అటే పోతుంది. ఆ షెడ్డువాడితో బావమరిది రెండుసార్లు మాట్లాడుతుండగా స్టెతస్కోపు కళ్లారా చూశాడు. మనసులో లెక్క కుదిరిపోయింది. తన పేరు చెడగొట్టి, ఆ వంకతో వీడు రోడ్డు దాటతాడు.

ఇంట్లో సంగతీ అలాగే ఉంది. ఈ మధ్య అక్కాతమ్ముళ్లిద్దరూ వంటింట్లో నిలబడి ఒకటే గొణుగుడు. ఆయన వెళ్తే ఆపేస్తారు. టీవీ సౌండు పెంచుకుంటే భార్య వచ్చి తగ్గిస్తుంది. మొన్న, "ఫోను అంతసేపు మోగుతుంటే తియ్యరేం?" అని దబాయించింది కూడా. అది మోగనేలేదు. కట్టుకున్నది కూడా తమ్ముడి పక్షమే చేరిందని తేలిపోయాక, ఆ పూట ఆయనకి ముద్ద దిగలేదు.

గీతలు మళ్లీ కలిపి బిగించి, మధ్యాహ్నం, "భోజనానికి పోతున్నా," అని గట్టిగా చెప్పి బయటికి నడిచాడు. చుట్టు తిరిగి వెనక తలుపు నుంచి వచ్చి టైర్ల గుట్ట చాటున నక్కాడు. వయసుకి తగని పనే, మోకాళ్లు ఫెళఫెళమన్నాయి. కాసేపటికి బావమరిది వచ్చాడు. వీధి వైపు చూశాడు. స్పానరు తీశాడు. డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి, సుతారంగా వెనక్కి తిప్పి, మళ్లీ బిగించాడు. పైగా దాని మీద చెయ్యి వేసి ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు, ఏదో పుణ్యకార్యం చేసినవాడిలా.

స్టెతస్కోపుకి ఒళ్లు మండిపోయింది. అక్కడికక్కడే గల్లా పట్టుకుందామనుకున్నాడు. కానీ పట్టుకుంటే వీడు ఏదో ఒక కథ అల్లుతాడు, వాళ్లక్క నమ్ముతుంది. నోరెత్తడానికి వీల్లేని రుజువు కావాలి. తన టైమింగ్‌తో బండి శుభ్రంగా కొండెక్కి దిగిందని చూపిస్తే, వీడు వెనక్కి తిప్పడం ఒట్టి కుట్రేనని తేలుతుంది. అప్పుడు మెడబట్టి గెంటొచ్చు.

మర్నాడు పొద్దున్నే బావమరిదిని బెల్టు కొనుక్కురమ్మని పంపించేశాడు. తెల్ల గీతలు రెండూ కలిపాడు. ఆరు కొత్త ప్లగ్గులు పెట్టెలోంచి తీసి తనే బిగించాడు. పెట్రోలు నిన్ననే ఊరవతల బంకు నుంచి డబ్బాతో తెచ్చుకున్నాడు, వీధి చివర బంకు మొహం చూడడం మానేశాడు కాబట్టి. రబ్బరు గొట్టం కారులోకి లాగి చెవిలో పెట్టుకుని, కొండ దారిలో యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాడు. కారు వీపు మీద చరిచినట్టు ముందుకి దూకింది. చెవిలో ఇంజిన్ హోరు, సూపర్‌ఛార్జర్ గురగుర. ఆ రెండు తప్ప ఇంకేం లేదు. మోత లేదు. ఇసక లేదు. గ్లాసు లేదు. పై మలుపు దాకా పోయి వచ్చాడు. దారి పొడుగునా ఒక్కడే నవ్వుకున్నాడు.

తిరిగొచ్చేసరికి బావమరిది బెల్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. డిస్ట్రిబ్యూటర్ వంక చూశాడు, ముఖం పాలిపోయింది.

"అలాగే తీసుకుపోయావా బావా?"

"వెళ్లి మీ అక్కని పిలుచుకురా," అన్నాడు స్టెతస్కోపు. "ఆవిడ ముందే తేలుద్దాం."

ఇల్లు వెనక వీధిలోనే. ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమైందండీ?"

"నీ తమ్ముడు నా వెనక చేరి టైమింగ్ తిప్పేస్తున్నాడు. నేను కళ్లారా చూశాను. నా టైమింగ్‌తో ఇప్పుడే కొండెక్కి వచ్చా. చిన్న మోత కూడా లేదు. ప్లగ్గులు తీసి చూపిస్తా, చూడు."

మొదటి ప్లగ్గు బాగానే ఉంది. రెండోది కూడా పరవాలేదు. మూడోది తీసి వెలుతురులో పెట్టాడు. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలున్నాయి. ఆయన భూతద్దం తీశాడు. చుక్కలు మెరుస్తున్నాయి. అవి మసి చుక్కలు కావు. పిస్టన్ మీది అల్యూమినియం కరిగి చిమ్మిన చుక్కలు. మోత మామూలుగా కాదు, దద్దరిల్లేలా మోగితేనే అవి పడతాయి. ఈ సంగతి బావమరిదికి నేర్పింది ఆయనే.

ఎవరు చేశారీ పని? అలవాటు కొద్దీ ఆయన బుర్ర అందరినీ వరసగా నిలబెట్టింది. ప్లగ్గులు మార్చేశారా? పెట్టె విప్పింది తను. పెట్రోలా? తెచ్చింది తను. రింగులా? అరగదీసింది తను. గీత కలిపింది, బండి నడిపింది, గొట్టం చెవిలో పెట్టుకుని విన్నది, అన్నీ తనే. అనుమానించడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఆయన పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు.

"ఎన్నాళ్ల నుంచి తెలుసురా నీకు?"

బావమరిది పెదాలు కదిలాయి.

"గొణక్కు. సరిగ్గా చెప్పు."

"నేను గొణగట్లేదు బావా. మామూలుగానే చెబుతున్నా."

"మేం ఎప్పుడూ మామూలుగానే మాట్లాడుతున్నామండీ," అంది భార్య. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఫోను కూడా మోగింది."

ఆయన మూడో ప్లగ్గుని మళ్లీ వెలుతురులో తిప్పి చూశాడు.

"మొదటి ఇంజిన్ కూడానా?" అన్నాడు చివరికి.

బావమరిది దగ్గరికి వచ్చి, ముఖంలోకి చూస్తూ గొంతు పెంచాడు. "మోగింది బావా. పక్క సీట్లో కూర్చుని నేను విన్నా. నాకే వినపడితే నీకు వినపడదా, నీ లెక్క ఏదో నీకుండే ఉంటుంది అనుకున్నా. అది పోయాక తెలిసింది. ఒకసారి నోరు తెరిచి అడిగా కూడా. ముందు నీ చెవులు కడుక్కోమన్నావు."

"అన్నానా?"

"అన్నావు. అందుకే ఈసారి అడగలేదు. రోజూ కొంచెం వెనక్కి తిప్పి పెడుతున్నా. మోత వస్తే దీపం వెలిగే మిషను ఏదైనా ఉందేమోనని ఎదురు షెడ్డువాణ్ణి కూడా అడిగా."

స్టెతస్కోపుకి సిగ్గేసింది. నిన్న దొంగని పట్టుకుందామని టైర్ల చాటున నక్కి చూసింది తన పేరు కాపాడుతున్నవాణ్ణని ఇప్పుడు అర్థమైంది. లేచి, కారులో చెయ్యి పెట్టి రబ్బరు గొట్టం బయటికి లాగి, దాని కొసని లుంగీతో శుభ్రంగా తుడిచి బావమరిదికి ఇచ్చాడు.

"నువ్వు విను. మోగితే చెయ్యెత్తు. నేను తిప్పుతా."

మిగిలిన పొద్దంతా కొండ ఎక్కడం, దిగడం, స్పానరు పట్టడం. బావమరిది చెయ్యెత్తినప్పుడల్లా, వీడికి నిజంగానే వినపడిందా అని పాత పురుగు ఆయన లోపల తొలవబోయింది. ఆయన నోరు మూసుకుని డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తిప్పాడు. ఆఖరుసారి కొత్త ప్లగ్గులు వేసి పై మలుపు దాకా పోయినా చెయ్యి లేవలేదు. ప్లగ్గులు తీస్తే తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. కొత్త గీత గీశాడు. అది బావమరిది పెట్టిన చోటుకి ఒక్క వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ లేదు.

దిగుతుంటే పెట్రోలు ముల్లు అడుక్కి వచ్చింది. ఊరవతల బంకుకి పోతాడనుకున్నాడు బావమరిది. స్టెతస్కోపు కారుని వీధి చివరికి తిప్పాడు. బళ్లు వరసలో ఉన్నాయి. బంకాయన ఈ కారుని చూడగానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అద్దం దించితే ఆయన పెదాలు ఏదో అన్నాయి. నిన్నటిదాకా అయితే, తిట్టే ఉంటాడని స్టెతస్కోపు తీర్మానించేసేవాడు.

"కాస్త గట్టిగా చెప్పు బాబూ," అన్నాడు. "నాకు వినపడదు."

పక్క సీట్లో బావమరిది తల తిప్పి కిటికీలోంచి బయటికి చూశాడు.

బంకాయన వంగి అరిచాడు. "సీసా తెచ్చావా, పరీక్ష చెయ్యడానికి?"

"తేలేదు," అన్నాడు స్టెతస్కోపు, ఆ రోజు ఎంత గొంతుతో అరిచాడో అంత గొంతుతోనే, వరసలో ఉన్నవాళ్లందరూ తల తిప్పి చూసేలా. "తప్పు నీ పెట్రోలుది కాదు. నా చెవిది. ట్యాంకు నింపు."