ముసలోళ్ల ఎకరం

కొత్తపేటలోని ఇంటిని కొడుకు పేరు మీద రాయించడానికి దసరా ముందర ఒక మంచిరోజు చూసుకున్నారు. తీరా ఆ రోజుకు రిజిస్ట్రేషన్ ఆఫీసు గేటుకు తాళం పడింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతబడ్డాయి, బస్సులు డిపోల్లోనే ఆగిపోయాయి. కిష్టమ్మ కొడుకు మహిపాల్ బస్సు కండక్టరు. పొద్దున లేస్తే ఎల్బీ నగర్ చౌరస్తాలో టెంటు కింద కూర్చుంటున్నాడు.

"ఏమాయె బిడ్డా, నీ పనికి నువ్వే తాళం ఏసుకుంటివి" అన్నది కిష్టమ్మ.

"రాష్ట్రం రానియ్యమ్మా. ఇల్లు యాడికి పోతది" అని నవ్వాడు మహిపాల్.

కిష్టమ్మ కూడా నవ్వింది. కానీ తాళం మాట విన్నప్పుడు ఆమె గుండె మీద నుంచి ఏదో బరువు దిగినట్టయింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఇల్లు ఆమె పేరు మీద ఉంది. కింద ఆమె, భర్త లచ్చయ్య, ఒక్కగానొక్క కొడుకు మహిపాల్, కోడలు సౌజన్య, చిన్న మనవరాలు. పైన కిరాయికి ఉండేది గోదావరి వైపు నుంచి వచ్చిన అమ్మాజీ వాళ్లు. లచ్చయ్యకు రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట సగమే వస్తుంది. అన్నం తినిపించాలి, ఒళ్లు తుడవాలి, వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. అన్నీ కిష్టమ్మే.

మహిపాల్ ఇల్లు తన పేరు మీద పెట్టమన్నది దురాశతో కాదు. తండ్రి పడిపోయిననాడు దవాఖాన బిల్లు చూసి బెదిరిపోయాడు. ఇంకో జబ్బొస్తే తల్లి కంగారులో ఎవరు పెట్టమంటే అక్కడ సంతకం పెడుతుంది, ఇల్లు పోతుంది, తన పేరు మీద ఉంటే భద్రం, అనుకున్నాడు. కిష్టమ్మ సరేనన్నది. అన్ననాటి నుంచి ఒకటే భయం. ఇల్లు చెయ్యి దాటాక తనే ముందు పోతే, ఈ మనిషిని పక్క తిప్పేది ఎవరు?

సమ్మె మూడో వారంలో నీళ్ల బకెట్ ఎత్తబోతే కిష్టమ్మ నడుము పట్టేసింది. పది రోజులు వంగొద్దన్నాడు డాక్టరు. సౌజన్య దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణానికి పోవాలి. ఆ నెల ఇంటికి వచ్చే జీతం ఆమెదొక్కటే.

"నాయిన్ని నేను చూస్తా. గంతదానికేంది? బస్సుల నూరుమందిని చూస్తలేనా?" అన్నాడు మహిపాల్.

"బస్సులోళ్లు దిగిపోతరు బిడ్డా."

మొదటిరోజు తండ్రిని చంకల కింద పట్టి లాగాడు. లచ్చయ్య మూలిగాడు.

"గుంజకురా! ముందు మోకాలు మడువు. నడుము కింద చెయ్యి పెట్టు. ఇగ దొర్లించు, మెల్లగ" అని పక్క మంచంలోంచి చెప్పింది కిష్టమ్మ.

రెండోరోజు నుంచి మహిపాల్ టెంటు దగ్గర కూర్చున్నా చూపు గడియారం మీదే. చౌరస్తాలో వంటావార్పు పెట్టిననాడు అన్నం ముందు నుంచి లేచి ఇంటికి ఉరికాడు. బస్సుల్లేవు, నడకే. "సమ్మెలో కూడ డ్యూటీ ఎక్కినవేందన్నా?" అని తోటివాళ్లు ఎగతాళి చేశారు. అయిదో రోజు మధ్యాహ్నం తండ్రి ఒళ్లు తుడిచి, గుడ్డలు పిండి ఆరేసి వచ్చి, గడప మీద కూలబడ్డాడు.

"అమ్మా, రెండేండ్ల సంది రోజూ గిదేనా?"

"నువ్వు డ్యూటీకి పోతివాయె. నీకెట్ల కనవడుతది?"

మహిపాల్ తడి చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు. తర్వాత "సమ్మె అయినంక నేను మళ్ల బస్సెక్కుతా. నీ నడుము మళ్ల పట్టేస్తే ఎట్ల?" అన్నాడు.

కిష్టమ్మ కళ్లు తుడుచుకుని లేచి గోడకు ఆనుకుంది.

"మీ తాత ముగ్గురు కొడుకులకు భూమి పంచినప్పుడు ఒక ఎకరం ఆపుకున్నడు. ముసలోళ్ల ఎకరం అనేటోళ్లు. ఉన్నన్ని దినాలు దాని పంట వాళ్ల తిండికి, మందుకు. ఆఖరుకు ఎవలు చూస్తే ఆ ఎకరం వాళ్లది. మీ తాత మంచంల పడ్డంక ఆరేండ్లు నేనే చూసిన. ఆ ఎకరం అమ్మితేనే గీ జాగ వచ్చింది. చేసింది నువ్వు గద అని మీ నాయిన నా పేరు మీద రాయించిండు."

"ఇప్పుడేమంటవ్?"

"మొత్తం నీకు రాసి, మళ్ల మందుకు మాకుకు నీ దిక్కే చూడాల్నా? కింది ఇల్లు నీకు రాస్తా. మేమిద్దరం ఉన్నన్ని దినాలు అందుల ఉంటం. మాకు ఏ రోగమొచ్చినా దాని జోలికి రాము. పైది మాత్రం నా పేరు మీదనే ఉంటది. దాని కిరాయి మీ నాయిన్ని చూసే మనిషికి. ఆఖరి దాక చూస్తే అది గూడ నీదే."

మహిపాల్ ముఖం ఎర్రబడింది. "అంటే నేను చూడననుకుంటున్నవా?"

"నువ్వు చూస్తవ్. నీ డ్యూటీ చూడనియ్యదు. కిరాయి నీ చేతికొస్తే పిల్ల ఫీజుకు పోతది. తప్పు కాదు, నీ జాగల నేనున్నా గదే చేస్తా. దవాఖాన బిల్లు ఒక్కపారి కట్టేది బిడ్డా. మంచం గట్ల కాదు. రోజింత కొరుకుతది."

మహిపాల్ చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఆ రోజు వాడు తల్లితో మాట్లాడలేదు. అయినా రెండు గంటలకోసారి తప్పకుండా వచ్చి తండ్రిని తిప్పిపోయాడు.

మర్నాడు అమ్మాజీ గిన్నెతో పప్పుచారు పట్టుకుని దిగింది. కిష్టమ్మ సూటిగా అడిగింది. "రాష్ట్రం వస్తే మీరు పోతరా అమ్మాజీ? మీ కిరాయి మీదనే ఒక మనిషిని పెట్టుకుందామనుకుంటున్న."

"మీ అబ్బాయి చౌరస్తాలో మమ్మల్ని పొమ్మంటాడు, ఇంటికొచ్చి మా పప్పుచారేదీ అంటాడు. ఏది నమ్మమంటారండీ?"

"నేను పొమ్మనలేదు పిన్నీ, నీళ్లు, కొలువులు అడిగిన" అన్నాడు మహిపాల్ లోపల్నుంచి. మాట వినబడగానే కిష్టమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"మేం ఎక్కడికీ పోంలెండి. అయినా మీ లెక్క మా ఒక్కళ్ల మీదే పెట్టుకోకండి. మేం కాకపోతే ఇంకొకళ్లు వస్తారు, పోర్షన్ ఖాళీగా ఉంటుందా?" అన్నది అమ్మాజీ. కిష్టమ్మకు ఆ మాట నచ్చింది.

వెళ్తూ వెళ్తూ అమ్మాజీయే ఒక మనిషిని చెప్పింది. సరూర్‌నగర్‌లో ఉండే తిరుపతమ్మ, ముసలివాళ్లను చూసి అలవాటున్న మనిషి. మహిపాల్ ఆ సాయంత్రమే పోయి మాట్లాడి వచ్చాడు. వచ్చాక తల్లి పక్కన కూర్చుని "పొద్దటి నుంచి మాపటి దాక ఉంటదట. కిరాయిల సరిపోతది" అన్నాడు. సరేనా అని ఆమె అడగలేదు, సరేనని వాడు చెప్పలేదు.

దీపావళి దాటాక ఆఫీసు తెరిచారు. తిరుపతమ్మను లచ్చయ్య దగ్గర ఉంచి తల్లీకొడుకులిద్దరూ వెళ్లారు. ఆఫీసు బయట బల్ల వేసుకున్న దస్తావేజు రాసే అతను విషయమంతా విని కళ్లజోడు పైకి నెట్టాడు.

"రెండు కాగితాలైతయి. కింది ఇంటికి ఒకటి, పైదానికి వీలునామా. కన్నకొడుకుకు గిన్ని షరతులా అమ్మా? అన్నా, నీకు ఇష్టమేనా?"

"రాయండి సార్" అన్నాడు మహిపాల్. "ఇంకోటి కూడ రాయండి. అమ్మ ముందు పోతే, పై కిరాయి నాయిన ఉన్నన్ని దినాలు ఆయన ఖర్చుకే. నేను ముట్టొద్దు."

కిష్టమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. ఆ మాట ఆమె వాడికి ఎన్నడూ చెప్పలేదు.

కాగితాలు సిద్ధమయ్యాక అతను చదివి వినిపించాడు. "నా మరణానంతరం" అన్న దగ్గరికి వచ్చేసరికి, ఎదుట మనిషి ఉందని, గొంతు తగ్గించాడు.

"గట్టిగనే చదువు బిడ్డా" అన్నది కిష్టమ్మ. "నేను వినాల్సింది గదే."