బయటి గడియ

కొల్లేటి ఒడ్డునున్న ఆ పల్లె ఆడవాళ్ళు పొద్దున్నే వంటలు ముగించుకుని రోడ్డు మీదికి వచ్చేవారు. గన్నవరం దారిలోని రొయ్యల కంపెనీ వ్యాను వాళ్ళ కోసం వచ్చేది. అందరూ వెనక వైపు ఎక్కి, ఖాళీ ట్రేల మధ్య సర్దుకుని కూర్చునేవారు. డ్రైవరు కోటిలింగం ఇనుప తలుపులు మూసి, బయట గడియ పెట్టేవాడు. చూసేవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించేది కాదు. కంపెనీ బండి పంపుతోందంటే ఆ పల్లెకు మంచి రోజులు వచ్చాయనే అనుకునేవారు. రెండు వేల అయిదు ప్రాంతంలో మన జిల్లాలో ఇలాంటి బండ్లు ఎన్ని తిరిగేవో!

ఆ గడియ సూపర్‌వైజరు మణికుమార్ పెట్టించింది. తిరుగు దారిలో ఆడవాళ్ళు గుడివాడ బజారులో దిగి సరుకులు కొనుక్కుంటున్నారనీ, బండి ఆలస్యమవుతోందనీ అతని కోపం.

గంగారత్నం రోజూ ముందు రేకును ఆనుకుని కూర్చునేది. రేకుకు అవతల ఇంజను. అది కాగిపోకుండా నీళ్ళు తిప్పే పంపు పాడైతే, కొత్తది కొనకుండా పాత సామాన్లలో దొరికిన కరెంటు పంపు ఒకటి, దాన్ని నడిపే చిన్న పెట్టెతో సహా తెచ్చి బిగించారు. ఆ సంగతి ఆమెకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే. బండి రైలు గేటు దగ్గర ఆగినప్పుడల్లా రేకు అవతల జుయ్యిమనే చప్పుడు ఆగిపోయేది, వీపుకు రేకు చురుక్కుమనేది. ఏదో కాలుతున్న వాసన వచ్చేది. బండి కదిలి గాలి తగిలితే వాసన పోయేది.

ఒకరోజు దిగేటప్పుడు కోటిలింగాన్ని పక్కకు పిలిచింది.

"అన్నా, లోపల మాడు వాసనొస్తంది. నాకు భయంగా ఉంది."

"షెడ్డులో చూపిచ్చానమ్మా. అంతా బానే ఉందన్నారు. మళ్ళీ మళ్ళీ చెప్తే బండి నేనే పాడుచేశానంటారు. నన్ను తీసేత్తారు. నువ్వు కూడా ఊరుకో."

ఆమె ఊరుకుంది. ఇద్దరు ఆడపిల్లల చదువు ఆ పని మీదే నడుస్తోంది మరి. ఊరుకుందే గానీ, తలుపు మూసిన ప్రతిసారీ పక్కనున్న పద్మావతమ్మ చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఆ పెద్దావిడకూ అదే భయం.

ఒక ఎండపూట తిరిగి వస్తుంటే గేటు పడింది. గూడ్సు బండి ఎంతకీ కదలలేదు. రేకు సందులోంచి పొగ లోపలికి రావడం మొదలైంది. కోటిలింగం దిగి ఇంజను మూత ఎత్తాడు. ఆత్రంలో రేడియేటరు మూత తిప్పాడో లేదో, సలసలా కాగిన నీళ్ళు ఎగజిమ్మి చేతుల మీదా మొహం మీదా పడ్డాయి. అతను కేక వేసి రోడ్డు మీద పడిపోయాడు.

లోపలివాళ్ళకు ఆ కేక వినిపించింది. తర్వాత అతని మాట వినిపించలేదు. పొగ దట్టమవుతోంది. "తలుపు తియ్యండయ్యో!" అంటూ అందరూ ఇనుప రేకులు బాదారు. ఒకరి మీద ఒకరు పడ్డారు. పద్మావతమ్మ ఊపిరాడక ఒరిగిపోయింది. గంగారత్నానికి పిల్లల మొహాలు కళ్ళ ముందు మెదిలాయి. ఇక్కడే, ఈ ట్రేల మధ్యే పోతానన్నమాట అనుకుంది.

వెనకనున్న లారీ డ్రైవరు జీవరత్నం ఆ చప్పుడు విని పరుగెత్తుకొచ్చి గడియ లాగాడు. ఆడవాళ్ళు రోడ్డు మీదికి దొర్లిపడ్డారు. నీళ్ళు చల్లితే పద్మావతమ్మ కళ్ళు తెరిచింది. కోటిలింగాన్ని ఆటోలో ఆసుపత్రికి పంపించారు.

కబురందుకుని మణికుమార్ మోటారు సైకిలు మీద వచ్చాడు. గుడివాడ నుంచి మెకానిక్ తిరుపతిరావునూ వెంట తెచ్చాడు. ఇంజను చల్లారింది. నీళ్ళు పోసి స్టార్టు చేస్తే పంపు చక్కగా తిరిగింది.

"డ్రైవరు నీళ్ళు చూసుకోలేదు. అంతే. ఎక్కండి, ఎక్కండి!" అన్నాడు మణికుమార్.

గంగారత్నం ఎక్కలేదు.

"ఏవండీ మెకానిక్ గారూ, ఇప్పుడు బానే ఉంటదండి. బండి కదపకుండా ఇట్టాగే ఆన్‌లో ఉంచి చూడండి. ముందు జుయ్యిమనే చప్పుడు ఆగిపోద్ది. ఆ తర్వాతే వాసనొస్తది."

తిరుపతిరావు మణికుమార్ మాట వినిపించుకోలేదు. ఇంజను నడుస్తుండగా పక్కనే నిలబడ్డాడు. ఆడవాళ్ళంతా దూరంగా జరిగి చూస్తున్నారు. కాసేపటికి జుయ్యిమనే చప్పుడు సన్నబడి ఆగిపోయింది. అతను వెంటనే ఇంజను ఆపి, పొగ గొట్టం పక్కన బిగించిన చిన్న పెట్టెను ముట్టుకున్నాడు. చురుక్కుమనడంతో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బ్యాటరీ నుంచి పంపుకు నేరుగా వైరు కలిపితే పంపు మళ్ళీ తిరిగింది.

"పంపు మంచిదేనండి. దాన్ని నడిపే ఈ పెట్టె కాగిపోతంది. గాలి ఆడని చోట, పొగ గొట్టానికి ఆనించి పెట్టారు. కాగితే ఆగిపోద్ది, చల్లారితే పనిచేస్తది. అందుకే షెడ్డులో దొరకలేదు. ఈమె చెప్పబట్టి దొరికింది."

"సరే, రేపు మార్పిద్దాం. ఈ పూటకి ఎక్కండి," అన్నాడు మణికుమార్.

"మేం ఎక్కమండీ," అంది గంగారత్నం. "పెట్టె మార్చాలి. ఆ గడియ కూడా తియ్యాలి. తలుపు లోపల్నుంచి మేం తీసుకునేట్టు ఉండాలి."

"పని మానుకుంటావా అయితే?"

ఆమె జవాబు చెప్పేలోగా పద్మావతమ్మ లేచి నిలబడింది. "గంగారత్నంతోపాటు మేమందరం మానుకుంటాం," అంది.

ఆ సాయంత్రం వాళ్ళు బస్సులో ఇళ్ళకు వెళ్ళారు. మర్నాడు గంగారత్నం ఒక్కదాన్నే రావద్దని కంపెనీ కబురు చేసింది. మిగతావాళ్ళు కూడా వ్యాను ఎక్కలేదు. కొన్నాళ్ళు ఆ పల్లెలో పొయ్యిలు సరిగ్గా వెలగలేదు. గంగారత్నం తన వల్లే ఇంతమందికీ ఈ కష్టం వచ్చిందేమోనని కుమిలిపోయింది. పనిచేసేవాళ్ళు లేక రొయ్యలు పాడవుతుంటే చివరికి కంపెనీయే దిగివచ్చింది. పెట్టెను గాలి తగిలే చోటికి మార్చారు. బయటి గడియ కోసేసి, లోపల గొళ్ళెం పెట్టారు. గంగారత్నాన్నీ పిలిచారు.

చేతులకు కట్లతో ఇంట్లో ఉన్న కోటిలింగాన్ని చూడటానికి ఆమె వెళ్ళింది. "నువ్వు చెప్పినప్పుడే విననైతినమ్మా," అని అతను కంటతడి పెట్టాడు.

"నీ ఒక్కడి తప్పేముందన్నా? నువ్వు భయపడి ఊరుకున్నావు. నేనూ భయపడి ఊరుకున్నా. ఎవరికి వాళ్ళం భయపడి ఊరుకుంటే అందరం కలిసి చచ్చేవాళ్ళం. అందరం కలిసి చెప్పాం, బతికాం."

మన ఊళ్ళలో కూలికి వెళ్ళేవాళ్ళను బండిలో ఎక్కించి బయట గడియ పెట్టే చేతులు ఇంకా ఉన్నాయి. ప్రమాదం కనిపించినా పని పోతుందని నోరు విప్పని వాళ్ళూ ఉన్నారు. తోటి మనిషి భయంగా ఉందని చెప్పినప్పుడు ఆగి వినడం, ఆ మనిషి పక్కన నిలబడటం మనందరి బాధ్యత.