దుంగలో కాపురం

భర్త మీద కూలిన చెట్టు దగ్గరికి వెళ్ళడానికి ఆమెకు ఏళ్ళు పట్టింది. అదైనా తను పనిచేసే మ్యూజియంవాళ్ళు అడవి బొద్దింకలు కావాలన్నారు కాబట్టి. అవి ఉండే పుచ్చిన దుంగ ఆ కొండవాలులో అదొక్కటే మిగిలింది.

"నువ్వు కారులోనే ఉండు వదినా, నేను తెస్తా," అని మరిది దారిపొడుగునా పోరుపెట్టాడు. ఆమె వింటేగా!

భార్యాభర్తలిద్దరూ ఆ పురుగుల మీదే పనిచేశారు. ఇళ్ళల్లో గిన్నెల చుట్టూ తిరిగే జాతి కాదది. ఆడా మగా జంటగా దుంగను తొలుచుకుని, బతికినన్నాళ్ళూ అందులోనే కాపురం చేస్తాయి. ఒంట్లోంచి ఊరిన ద్రవాన్ని పిల్లలకు పడతాయి. అది అందకపోతే పిల్లలకు కొయ్య అరగదు. "మనకంటే నయం, ఇల్లు మారే గొడవ లేదు," అని ఆయన నవ్వేవాడు. దుంగ తెరిచే ముందు వేలి కణుపులతో తట్టేవాడు కూడా, లోపలివాళ్ళకు చెప్పాలి కదా అని.

నాచు పట్టిన దుంగ ముందు కూర్చుని, ఆయన అలవాటు ప్రకారం ఈసారి ఆమే తట్టింది.

లోపలినుంచి ఎవరో తిరిగి తట్టారు.

మరిది మొహంలో నెత్తురుచుక్క లేదు. "నువ్వేనా వదినా?"

"నా చేతులు ఇక్కడే ఉన్నాయి కదయ్యా."

ఆమె బెరడు ఊడదీసింది. ముక్కిన కొయ్య వాసన గుప్పుమంది. సొరంగంలో తల్లి బొద్దింక, దాని పొట్టకింద పాలిపోయిన పిల్లలు. మగది లేదు. సొరంగం ఇంకా లోపలికి, చీకట్లోకి పోయింది. అక్కణ్ణుంచే మళ్ళీ చప్పుడు.

ఆమె చెంప దుంగకు ఆనించింది.

"ఏమండీ," అని మెల్లగా పిలిచింది.

చప్పుడు ఠక్కున ఆగిపోయింది. మరిది చెట్టుచాటుకు పోయి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె బెరడు యథాస్థానంలో పెట్టి, మెడలో చున్నీ తీసి కట్టేసింది.

"అన్నయ్యేనంటావా?" కారెక్కాక అడిగాడు.

"కొయ్య కొరికితే చప్పుడవుతుంది."

కొరికే చప్పుడు పిలిస్తే ఆగదని ఆమెకు తెలుసు.

దుంగంతా బూజు పట్టిందని, ఏమీ దొరకలేదని ఆఫీసులో అబద్ధం చెప్పింది. తర్వాత అడవి పని మానేసి అద్దాల పెట్టెల విభాగానికి మారిపోయింది. మరిది మాత్రం వానలు వెనకబట్టగానే ఎవరికీ చెప్పకుండా అటు వెళ్ళొస్తుంటాడు. చెప్పులకు అంటిన ఎర్రమట్టి చూసి ఆమె మంచినీళ్ళిస్తుంది. ఏం విన్నావని అడగదు.