మూతకు అంటుకున్న పొడి

చచ్చిపోయే కణాల ఏడుపును చెవులారా విన్న మొనగాణ్ణి భూమ్మీద నేనొక్కణ్ణే. నమ్మకపోతే మీ ఖర్మ.

అప్పట్లో ఒక పరిశోధనశాలకు ఐస్‌పెట్టెలు మోసేవాణ్ణి. అక్కడ ఇద్దరు పనిచేసేవారు. పెద్దామెను అందరూ అక్క అనేవారు. ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న కొత్తమ్మాయికి పిచ్చుక అని పేరు పెట్టింది కూడా అక్కే. ఇద్దరూ చెరో గాజుగిన్నెలో మనిషి రక్తంలోని రోగనిరోధక కణాలను పెంచుతున్నారు. పిచ్చుక గిన్నెలోవి వాళ్ళ పిన్నివి. తల్లి లేని పిల్లను సాకిన పిన్ని. జబ్బుతో పోయేముందు, "తీసుకోవే నా రక్తం, నీ చదువుకైనా పనికొస్తుంది" అని చెయ్యి చాపిందట. మనిషి పోయింది. గిన్నెలో మాత్రం ఆమె ఇంకా కాస్త మిగిలి ఉంది.

ఆ కణాలకు తిండి ఒక్కటే చాలదు. 'బతకండి' అని ఎవరో కబురు పెడుతూ ఉండాలి, లేకపోతే అలిగి చచ్చిపోతాయి. ఆ కబురు ఒక ప్రోటీను. మనిషి జన్యువును సూక్ష్మజీవిలో పెట్టి, దానిచేత తయారు చేయించి, ఎండబెట్టి, బొటనవేలంత సీసాలో అమ్ముతారు. పాత సీసా అయిపోయింది. కొత్తది నేనే తెచ్చాను. ఇద్దరికీ బొటాబొటిగా సరిపోతుంది. ఇంకొకటి రావాలంటే నెల.

ఖాళీ పెట్టె కోసం గుమ్మంలో నిలబడ్డాను. పిచ్చుక సీసా మూత తీసి లోపలికి తొంగిచూసింది.

"అక్కా, ఇందులో ఏమీ లేదే!"

"కంటికి ఆనేంత పొడి కొనాలంటే మనం కొంపలు అమ్ముకోవాలి. నీళ్ళు పొయ్యి, కరుగుతుంది."

పిచ్చుక మూతను పళ్ళెంలో పెట్టి, సీసాలో నీళ్ళు పోసి, అందులో సగం పిన్ని కణాలకు పట్టింది.

"నీ వంతు ఉంచానక్కా."

"నాకేం తొందరలేదు. వెళ్ళి టీ తాగిరా పో, పిచ్చుకా."

పిల్ల గడప దాటిందో లేదో, అక్క ఆ మూతను పట్టకారుతో ఎత్తి, లోపలి వైపు చుక్క చుక్కగా నీళ్ళతో కడిగి, ఆ కడుగునీళ్ళను తన గిన్నెకు పోసుకుంది. ఎంత పొదుపు మనిషో అని మురిసిపోయాను. మూతలో ఏముంటుందో నాకేం తెలుసు!

వారం తిరక్కుండానే, నేను ఇంకో ఐస్‌పెట్టె దించడానికి వెళ్ళేసరికి, పిన్ని కణాలు ముడుచుకుపోయి ఉన్నాయి. పిచ్చుక సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి, ఎంతకీ తియ్యలేదు.

"నీవేమో కళకళలాడుతున్నాయి అక్కా. సీసా ఒకటే కదా?"

"తెరిచేముందు యంత్రంలో పెట్టి గిర్రున తిప్పావా?"

"ఎందుకు?"

"దారిలో కుదుపులకు పొడి ఎగిరి మూతకు అంటుకుంటుంది. తిప్పితే అడుక్కి దిగుతుంది. మీ పిన్నికి ఉత్త నీళ్ళు తాగించావే తల్లీ!"

"నాకెవరు చెప్పారు? నేర్పాల్సింది నువ్వే కదక్కా!"

"నేర్పాగా. ఇక జన్మలో మర్చిపోతావా?" అంటూ అక్క బ్లీచింగ్ నీళ్ళ సీసా ఆమె ముందుకు జరిపింది. "చచ్చినవాటిని ఊరికే పారబొయ్యకూడదు. ఇది పోసి పారెయ్యాలి. ఇదీ నేర్పేశాను."

పిచ్చుక పోసింది. సరిగ్గా అప్పుడే సన్నగా, సాగదీసినట్టు, ఏడుపు వినిపించింది నాకు.

సరే సరే, కణాలు ఏడవ్వు లెండి. అది మూలనున్న ఫ్రిజ్ మోటారు. పిచ్చుక ఖాళీ గిన్నెను కడిగి బోర్లించింది. అక్క మాత్రం పక్కకు తిరిగి, తెల్లకోటు చేతితో కళ్ళు తుడుచుకుంది.

ఇదిగో, ఈ కళ్ళు తుడుచుకోవడం ఒక్కటే నా సొంత కల్పన. కథ మరీ చేదుగా ఉందని నేనే కాస్త తుడిపించాను. అక్క నిజానికి టీ తాగడానికి వెళ్ళింది.