రాణిగారి వెండి ఊయల

కొత్తమొగ ఊళ్ళో రాణిగారి వెండి ఊయల సంగతి తెలియనివాళ్ళు లేరు. ఏ రాణి, ఎక్కడి రాణి అని అడిగితే మాత్రం ఎవరికి తోచిన పేరు వాళ్ళు చెబుతారు. సముద్ర స్నానానికి చంటిబిడ్డతో పడవలో వస్తుంటే గాలివాన పట్టుకుందట. రాణిగారూ బిడ్డా ఎలాగో ఒడ్డున పడ్డారట గానీ, ఊయల మాత్రం గొలుసులతో సహా నీళ్ళపాలయిందట. కొందరు ఆ ఊయలకు వెండి చిలకలు కడతారు. కొందరు పక్కన నాలుగు బిందెలు పెడతారు. ముసలి కొండలమ్మ అయితే ఏడాదికో సామాను చేర్చుకుంటూ పోయి, ఈ మధ్య ఉగ్గుగిన్నె దాకా వచ్చింది.

ఆమె కోడలు నాగమల్లేశ్వరికి ఈ ఊయల మీద చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. ఆమె దిగులంతా ఇసుక మేట మీద. కాలువ వెళ్ళి సముద్రంలో కలిసే నోటిని అక్కడివాళ్ళు మొగ అంటారు. ఆ మొగకు అడ్డంగా కొన్నేళ్ళుగా ఇసుక పేరుకుపోయింది. సముద్రం పోటు మీద ఉంటే పడవ లోపలికి వస్తుంది. పాటు తీసి నీళ్ళు వెనక్కి పోయాయంటే ఇక అంతే, చేపలతో సహా బయటే పడి ఉండాలి. మొగుడు నాగబాబు పట్టుకొచ్చిన సరుకు ఆమె బుట్టకెక్కి చల్లపల్లి బజారుకు చేరేసరికి పొద్దెక్కిపోయేది. కొనేవాళ్ళు మొప్ప ఎత్తి చూసి, మూతి తిప్పుకుని పక్క బుట్ట దగ్గరికి పోయేవాళ్ళు. నాగమల్లేశ్వరికి ఒళ్ళు మండిపోయేది. మేట తీయించమని తిరగని చోటు లేదు. ఎక్కడికెళ్ళినా పైనుంచి రావాలనేవాళ్ళు. పైనుంచి వాన తప్ప ఏమీ రాలేదు.

ఒకరోజు చల్లపల్లిలో ఆమె బుట్ట ముందుకు ఒక కుర్రాడు వచ్చాడు. మెడలో కెమెరా, చేతిలో మైకు. పేరు సిద్ధార్థ, ఊరు బెజవాడ, ఉండేది పటమట. ఉద్యోగం మానేసి నిధుల మీద యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నాడు.

"ఇటువైపు పాతకాలం వెండి, బంగారం కథలేమన్నా ఉన్నాయా అక్కా?" అని అడిగాడు.

నాగమల్లేశ్వరి పొలుసు గీకుతున్న కత్తి ఆపి అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. మనిషి అమాయకంగా ఉన్నాడు. వెనక కారుంది. ఆమె బుర్రలో ఇసుక మేట ఒక్కసారి కదిలినట్టయింది.

"మాకేం తెలుస్తాయి బాబుగారూ" అంది తల దించుకుని. "ఆ ఊయల సంగతి మేం బయటివాళ్ళకి చెప్పం."

"ఏ ఊయల?"

"చెప్పనన్నానుగా. పండుగప్ప తీసుకుంటారా?"

సిద్ధార్థ పండుగప్ప తీసుకున్నాడు. తర్వాత కొయ్యింగలు తీసుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ అడగని సావిడాయిలు కూడా తీసుకున్నాక, ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, మొత్తం చెప్పింది. ఉగ్గుగిన్నెతో సహా చెప్పింది.

ఆదివారానికల్లా సిద్ధార్థ ఇద్దరు స్నేహితులనూ, ఒక మెటల్ డిటెక్టర్‌నూ వెంటేసుకుని కొత్తమొగలో దిగాడు. నాగమల్లేశ్వరి వాళ్ళను తిన్నగా మేట మీదికి తీసుకెళ్ళి నిలబెట్టింది.

"సరిగ్గా ఇక్కడే అని మీకెలా తెలుసక్కా? కాలువ అంత పొడుగుందిగా?"

"ఊయల బరువుంటుందా ఉండదా బాబూ? బరువున్న చోటేగా ఇసుక పట్టేది. లేకపోతే ఇంత కాలువలో ఇసుక వచ్చి ఇక్కడే ఎందుక్కూచుందంటారు?"

సిద్ధార్థ ఆ మాటనే కెమెరా ముందు ఇంకో రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఈలోగా మిషను కూడా కుయ్‌మంది. పాత లంగరు ముక్కలూ, పడవ మేకులూ, సీసా మూతలూ ఆ ఇసుకలో తక్కువేం లేవు. మిషనుకు వాటి తేడా తెలియదు.

తవ్వడానికి అనుమతి కావాలని సర్పంచి మాణిక్యం దగ్గరికి వెళితే ఆయన గడ్డం గోక్కున్నాడు. "నిధి తవ్వుకోమని నేను చెప్పలేనండీ, తప్పవుద్ది. పూడిక తీస్తామంటారా, దానికి పంచాయతీ తీర్మానం ఎప్పుడో అయిపోయింది. తీసేవాడే దొరకలేదు" అన్నాడు. అంటూ నాగమల్లేశ్వరి వంక చూశాడు. ఆమె సముద్రం వంక చూసింది.

అలా పూడికతీత పేరుతో పొక్లెయిన్ వచ్చింది. ఖర్చంతా ఛానల్ వాళ్ళదే. ఊరు ఊరంతా ఒడ్డున చేరింది. తొట్టి పైకి లేచినప్పుడల్లా అందరూ "వచ్చింది, వచ్చింది" అనేవాళ్ళు. వచ్చింది ఇసుకే. నాగమల్లేశ్వరి ఒక్కతే ఆ ఇసుకను చూసి సంబరపడేది. మధ్యాహ్నాలు వాళ్ళకు రొయ్యల కూర, పీతల పులుసు వండిపెట్టేది. నాగబాబుకు మాత్రం లోపల పీకుతూనే ఉంది.

"పాపం కుర్రోడే మల్లీ. ఏమీ దొరక్కపోతే?" అన్నాడు ఒకరోజు.

"దొరక్కపోతే వీడియో ఉంటదిగా. వాళ్ళు అమ్ముకునేది అదేగా" అంది ఆమె.

మేట సగానికి పైగా తెగింది. సముద్రం వైపు కొంత మిగిలింది. సరిగ్గా అప్పుడే సిద్ధార్థకు విసుగు పుట్టింది. "చూసేవాళ్ళు తగ్గిపోతున్నారక్కా. ఇసుక ఎంతసేపు చూస్తారు? రేపు పొక్లెయిన్ పంపించేస్తాం" అన్నాడు అన్నం కలుపుకుంటూ.

నాగమల్లేశ్వరి మనసులో లెక్క వేసుకుంది. మిగిలిన ఆ ముక్క తీయకపోతే ఇంతా చేసి లాభం లేదు. ఒక్క తుఫానుకు మళ్ళీ మొత్తం పూడిపోతుంది. ఆమె గబగబా లోపలికెళ్ళింది. అత్త కొండలమ్మ పక్కింట్లో కబుర్లలో ఉంది. మంచం కింద ఆమె రేకు పెట్టె. పెట్టెలో పాత చీర, చీరలో మొసలి మూతులు చెక్కిన లావుపాటి వెండి కడియాల జత. కాళ్ళు వాచడం మొదలయ్యాక కొండలమ్మ వాటిని తీసి దాచుకుంది. నాగమల్లేశ్వరి ఒకటి తీసి బుట్టలో వేసుకుని, పైన నాలుగు పీతలు కప్పి, మొగ వైపు నడిచింది. కుర్రాళ్ళు ఇంకా పులుసు జుర్రుతూనే ఉన్నారు. పొక్లెయిన్ డ్రైవరు నీడన కునుకు తీస్తున్నాడు. మిగిలిన మేట మీద చేత్తో గుంట తీసి, కడియం పెట్టి, పాదంతో తొక్కేసింది. 'దొరగ్గానే మాదేనని చెప్పి తెచ్చేసుకుంటే సరి' అనుకుంది.

పొద్దు వాలకముందే మిషను కుయ్‌మంది. సిద్ధార్థ మోకాళ్ళ మీద పడి చేతులతో తోడి, కడియం పైకెత్తి, ఏడిచినంత పని చేశాడు. అది లైవులో వెళుతోంది. ఊరు విరగబడింది.

"రాణిగారిదే!"

"రాణికి అంత లావు కాలుంటదా?"

"ఆ రోజుల్లో తిండి అలాంటిదిరా!"

ఆ సందట్లో, ఆ జనంలో, అన్ని ఫోన్ల ముందు, అది మా అత్తదని చెప్పడానికి నాగమల్లేశ్వరికి నోరు పెగల్లేదు. చెబితే, మరి ఇసుకలోకి ఎలా వచ్చిందంటారు. ఏం చెప్పాలి? అటు పొక్లెయిన్‌కు పూనకం వచ్చింది. చీకటి పడేలోపు మిగిలిన మేట కాస్తా తెగింది. సముద్రం నీళ్ళు బుసకొడుతూ కాలువలోకి వచ్చాయి. కడియం మాట మరిచిపోయి ఆమె ఆ నీళ్ళనే చూస్తూ నిలబడిపోయింది.

తెల్లారేసరికి జీపు వచ్చింది. జీపులోంచి తహసీల్దారు రుచిత గారు దిగారు. చిన్న వయసు, నెమ్మదైన మాట. భూమిలో దొరికిన నిధి సర్కారుకు చెప్పాలనీ, విచారణ అయ్యేదాకా ఎవరూ ఇక్కడ అడుగు పెట్టకూడదనీ చెప్పి, కడియం తన దగ్గర పెట్టుకుని, మొగకు అడ్డంగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఎర్ర రిబ్బను కట్టించారు. పడవలు కూడా కదలకూడదన్నారు.

నాగమల్లేశ్వరి తల పట్టుకుంది. ఇన్నేళ్ళూ లోతు లేక ఆగిన పడవలు, ఇప్పుడు నిండా లోతుండీ రిబ్బనుకు ఆగాయి. జాలరులంతా ఒడ్డున నిలబడి ఆమెను చూసే చూపులో రాణి మీద గౌరవమేమీ కనిపించలేదు.

అంతలో జనం పాయలుగా విడిపోయారు. కర్ర తాటించుకుంటూ కొండలమ్మ వస్తోంది. పక్కింటివాళ్ళ ఫోనులో వీడియో చూసిందట. చూసి, మాట్లాడకుండా ఇంటికి వెళ్ళి పెట్టె తెరిచిందట. ఆమె నేరుగా ఒడ్డున బల్ల వేసుకుని కూచున్న రుచిత గారి ముందుకొచ్చి ఆగింది.

"అమ్మాయిగారూ, అది నాది."

"ఇది తవ్వకంలో దొరికిందమ్మా. నిధి కింద లెక్క" అన్నారు రుచిత గారు.

"నిధి కాదు, నా కాలిది" అంటూ కొండలమ్మ కొంగు ముడి విప్పి రెండో కడియం బల్ల మీద పెట్టింది. అదే లావు, అవే మొసలి మూతులు. లోపల ఒరుసుకోకుండా చుట్టిన గుడ్డపేలిక కూడా ఒకే చీరది.

రుచిత గారు ఇసుకలో దొరికిన కడియాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "పొద్దుట్నుంచీ అనుకుంటున్నాను. నిధికి కలరా ఉండల వాసనేంటా అని" అన్నారు. "సరే, మీదే అనుకుందాం. మరి మేటలోకి ఎలా వెళ్ళిందమ్మా?"

ఒడ్డున ఉన్నవాళ్ళంతా నాలుగడుగులు దగ్గరికి జరిగారు. కొండలమ్మ తల తిప్పి కోడలి వంక చూసింది. నాగమల్లేశ్వరి కాలి బొటనవేలితో ఇసుక గీస్తోంది. ముసలావిడ తొందరపడలేదు. పండిన రేగుపండును చప్పరించినట్టు ఆ క్షణాన్ని కాసేపు నోట్లో పెట్టుకుని చప్పరించింది.

"మా కోడలే..." అంది.

ఇసుక గీస్తున్న నాగమల్లేశ్వరి బొటనవేలు ఆగిపోయింది.

"...మా కోడలే మొన్న నన్ను మేట దాకా తీసుకెళ్ళింది. కాళ్ళ వాపుకి ఎచ్చటి ఇసక మంచిదంటారుగా. సరదాకి కడియాలు పట్టుకెళ్ళా. ఒకటి జారిపోయినట్టుంది. వయసైపోయింది తల్లీ, ఏది ఎక్కడ పెడతానో నాకే తెలవదు."

ఊళ్ళో ఎవరి వస్తువు ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగల మనిషి ఆమె. ఆ సంగతి తెలిసినవాళ్ళు దగ్గొచ్చినట్టు నోళ్ళు మూసుకున్నారు. రుచిత గారు అత్తనూ కోడలినీ ఒకసారి చూశారు. తవ్విన మొగనూ, ఒడ్డున ఎదురుచూస్తున్న పడవలనూ కూడా చూశారు. పెదవి చివర్న నవ్వు ఆపుకుని పంచనామా రాయించారు. కడియం కొండలమ్మదేనని ఊరు ఊరంతా సాక్షి సంతకాలు పెట్టింది. రిబ్బను తీయించి, "పూడిక బాగా తీశారు" అని సిద్ధార్థను మెచ్చుకుని జీపెక్కారు.

పాపం సిద్ధార్థ మొహంలో నెత్తురు చుక్క లేదు. నాగమల్లేశ్వరికి నిజంగానే జాలేసింది. పెద్ద పండుగప్పను ఐసులో పెట్టి అతని చేతికిచ్చింది. ఆ సాయంత్రమే అతను 'నిధి కోసం తవ్వితే బామ్మగారి కడియం' అని వీడియో పెట్టాడు. అంతకుముందు పెట్టిన వీడియోలన్నీ కలిపినా అంతమంది చూడలేదట. కొండలమ్మ బల్ల మీద రెండో కడియం పెట్టే ముక్కనైతే జనం మళ్ళీ మళ్ళీ చూశారట. అతనే ఫోన్ చేసి చెప్పి, "బామ్మగారితో ఇంకోటి తీద్దామా అక్కా?" అని అడిగాడు.

ఆ రోజు జీపు వెళ్ళిపోయాక అత్తా కోడలూ కలిసే ఇంటికి నడిచారు. గుమ్మం దగ్గర కొండలమ్మ ఆగి, "పండుగప్ప తలకాయ ఎవరికే?" అంది.

"నీకే అత్తా."

"టీవీ రిమోటు?"

"నీకే."

"బెజవాడ ఏసీ హోటల్లో భోజనం?"

"తీసుకెళతా. ఇంకేమన్నా ఉందా?"

"ఆలోచించి చెబుతా."

పడవలు ఇప్పుడు పాటు మీద కూడా వచ్చిపోతున్నాయి. నాగమల్లేశ్వరి బుట్ట చల్లపల్లి బజారులో అందరికంటే ముందు దిగుతోంది. మొప్ప ఎత్తి చూసేవాళ్ళకు ఆమే ముందుగా ఎత్తి చూపిస్తోంది, ఎర్రగా, గర్వంగా.

మాట ప్రకారం ఒక పనిలేని రోజున అత్తను బెజవాడ తీసుకెళ్ళింది. అమ్మవారి దర్శనం చేసుకుని, బందరు రోడ్డులో చల్లగా ఉన్న హోటల్లో కూచున్నారు. కొండలమ్మ చేప వేపుడు తెప్పించుకుని, ఒక ముక్క కొరికి, సర్వరును పిలిచి, ఈ చేప చచ్చి ఎన్నాళ్ళయిందో అతనికి వివరంగా చెప్పింది. అతను వెళ్ళి మేనేజరును తీసుకొచ్చాడు. ఆమె మేనేజరుకు కూడా చెప్పింది. నాగమల్లేశ్వరి సిగ్గుతో మెనూ కార్డు మొహానికి అడ్డం పెట్టుకుంది.

అంతా సద్దుమణిగాక, ఐస్‌క్రీమ్ కప్పు ముందుకు లాక్కుంటూ ముసలావిడ అంది, "ఒసే మల్లీ, కడియం కావాలంటే నన్నడక్కూడదటే? దొంగతనం దేనికి?"

"అడిగితే ఇచ్చేదానివా అత్తా?"

కొండలమ్మ చెంచా గాల్లో ఆపి, కాసేపు నిజాయితీగా ఆలోచించింది.

"ఇచ్చేదాన్ని కాదులే" అంది.

ఇద్దరికీ ఒక్కసారే నవ్వు తన్నుకొచ్చింది. పక్క బల్లలవాళ్ళు తిరిగి చూసినా ఆగలేదు.