ఒకటో డిస్కు

ఆ వీధిలో అతనికి సొంత పేరంటూ మిగల్లేదు. సినిమా టేపులు అద్దెకిచ్చిన రోజుల్లో క్యాసెట్టాయన అన్నారు. పెళ్లి వీడియోలు డిస్కుల మీదికి ఎక్కించిన రోజుల్లో డిస్కులాయన అన్నారు. ఆ తర్వాత డిస్కు అడిగే నాథుడే లేకుండా పోయి, అదే కొట్లో ఫోన్ల తొడుగులూ చార్జర్లూ అమ్ముకుంటున్నా, రెండో పేరే అతుక్కుపోయింది. ఆయనా పిలిస్తే పలికేవాడు. కొత్త పేరు పెట్టేంత పని తన చేతిలో లేదని ఆయనకీ తెలుసు.

పని ఉన్న రోజుల్లో మాత్రం పద్ధతంటే ప్రాణం పెట్టేవాడు. కెమెరా కార్డులోని ఫైలును కంప్యూటర్లోకి లాగాలి. దాన్ని టీవీ కింది డిస్కు ప్లేయరుకు అర్థమయ్యేలా మార్చాలి. ఆ మార్చే సాఫ్ట్‌వేరు ఇంటర్నెట్లో ఊరికే దొరికేది; పైసా ఖర్చు లేని సరుకుతో ఇంత పని చేస్తున్నానని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. అందులో చివర ఒక గడి ఉండేది, డిస్కు రాయడం అయ్యాక మొత్తం సరిచూడమంటారా అని. సరిచూస్తే ఒక్కో డిస్కుకీ రెట్టింపు సేపు పడుతుందని మొదటి రోజే దాంట్లో టిక్కు తీసిపారేశాడు. దానికి బదులు తనే పాత టీవీలో పెట్టి రెండు నిమిషాలు చూసేవాడు. బొమ్మ వచ్చిందా, మాట వచ్చిందా, అంతే. కంప్యూటర్లో ఫైలు తీసేసేవాడు, లేకపోతే తర్వాతి పెళ్లికి చోటుండదు. కార్డు కూడా శుభ్రంగా ఖాళీ చేసి మరీ తిరిగిచ్చేవాడు. అది తన కొట్టు మర్యాద అనేవాడు.

"పెళ్లి వీడియో చివరిదాకా ఎవడు చూస్తాడమ్మా?" అనేవాడు చెల్లెలితో.

చెల్లెలు అప్పట్లో కొట్లోనే కూర్చునేది. నల్ల మార్కరుతో డిస్కుల మీద పేర్లు రాయడం ఆమె పని. పెళ్లి పెద్దదై ఒక్కదాంట్లో పట్టకపోతే ఒకటో డిస్కు, రెండో డిస్కు అని గుండ్రటి అక్షరాలతో రాసేది. రాసి, ఊది, ఒక్కొక్కటే అన్నయ్య చేతికిస్తే ఆయన డబ్బాలో సర్దేవాడు.

చివరిదాకా చూసిన వాడు ఆ కొట్టు చరిత్రలో ఒక్కడే వచ్చాడు. కుళాయిలు, పైపులు బిగించే మేస్త్రీ. వాళ్లన్న పెళ్లి డిస్కు చివర్లో ఆగిపోతోందన్నాడు.

"చివర్లో ఏముంటుందయ్యా, ఖాళీ కుర్చీలు తప్ప?" అని డిస్కులాయన వెటకారం చేశాడు.

"అవేనండీ. అందరూ వెళ్లిపోయాక మా అన్న పెళ్లిబట్టల్లోనే కుర్చీలు సర్దుతుంటాడు. నాకు ఆ ముక్కే కావాలి," అన్నాడు మేస్త్రీ, నవ్వుతూ.

గొణుక్కుంటూ, అదృష్టం కొద్దీ ఇంకా తీసెయ్యని ఫైలుతో ఇంకో డిస్కు చేసిచ్చాడు డిస్కులాయన. మేస్త్రీ ఆ తర్వాత పనేం లేకుండానే మూడుసార్లు వచ్చాడు. మూడోసారికి చెల్లెలు ఒక్కో పేరూ రాయడానికి పావుగంట తీసుకుంటోంది. ఏడాది తిరక్కుండా మేస్త్రీ కాస్తా బావగారయ్యాడు.

ఆ బావకి, కూతురికి పదేళ్లు వచ్చేసరికి, గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే మాట పోతుంది, చెయ్యకపోతే మనిషే పోతాడు అన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కి ముందు ఆదివారం భార్యనీ కూతుర్నీ బయటికి పంపించి, వంటింటి బల్ల మీద చక్కెర డబ్బాకి ఫోన్ ఆనించి, దాని ముందు కూర్చుని గంటా యాభై రెండు నిమిషాలు మాట్లాడాడు. ఆ తర్వాత మాట పోయింది. మూడు నెలలకి మనిషీ పోయాడు.

దినాలన్నీ గడిచాక చెల్లెలు ఆ ఫోన్ పట్టుకుని కొట్టుకొచ్చింది.

"ఇందులో ఉందన్నయ్యా. నేనింకా చూళ్లేదు. డిస్కు చేసిపెట్టు."

"ఈ రోజుల్లో డిస్కెందుకమ్మా? ఫోన్లోనే చూసుకోవచ్చుగా."

"తెర పగిలిపోయింది. అయినా అరచేతంత మనిషిని చూడ్డం నా వల్ల కాదు. టీవీలో అయితే ఎదురుగా కూర్చున్నట్టు ఉంటాడు. ధైర్యం వచ్చిన రోజు పెట్టుకుంటా."

ఎన్నేళ్ల తర్వాతో తన విద్యతో ఒకరికి అవసరం పడింది. అంత దుఃఖంలోనూ డిస్కులాయనకి చేతులు ఉరకలేశాయి. అటకెక్కి, రేకు కప్పు కింద ఏళ్ల తరబడి పడి ఉన్న ఖాళీ డిస్కుల కట్ట దించాడు. దుమ్ము దులిపాడు. బావ మొహం సాగిపోకుండా వెడల్పు సరిచేశాడు. పది నిమిషాలకో గుర్తు పెట్టాడు, చెల్లెలు కావలసిన చోటికి దూకొచ్చని. ఒకటి చెల్లెలికి, ఒకటి మేనకోడలికి అని రెండు డిస్కులు రాశాడు. తర్వాత పాత టీవీలో ఒకదాని తర్వాత ఒకటి పెట్టాడు.

"వినబడుతోందా? ఎవర్ని అడుగుతున్నాన్లే," అని తెరలో బావ తనలో తనే నవ్వుకున్నాడు. డిస్కులాయనకి కళ్లు చెమ్మగిల్లాయి. మొత్తం చూడాలనిపించింది. కానీ అవి చెల్లెలి కోసం దాచిన మాటలు. ఆమె కన్నా ముందు తను వినడం తప్పనిపించి, రెండు నిమిషాలు కాగానే ఆపేశాడు. ఫైలు తీసేశాడు. వీడియో ఉన్న ఫోన్ కార్డు కూడా ఖాళీ చేశాడు. అన్నీ ఒక సంచిలో పెట్టి చెల్లెలి ఇంట్లో ఇచ్చి వచ్చాడు. ఎప్పటిలాగే చేశాడు, ఏ లోటూ రానివ్వలేదనుకున్నాడు.

ధైర్యం రావడానికి ఆమెకి ఎనిమిది నెలలు పట్టింది.

ఒక ఆదివారం పొద్దున ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఆగిపోయింది," అంది. ఆ గొంతు విని ఆయన చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు.

వెళ్లేసరికి టీవీలో బావ నోరు తెరుచుకుని ఉన్నాడు. మొహంలో కుడి సగం గళ్లు గళ్లుగా చెదిరిపోయింది. కింద అంకెలు గంటా ముప్పై ఆరు దగ్గర నిలిచిపోయి ఉన్నాయి. అప్పటిదాకా అంతా సవ్యంగానే వచ్చిందట. ఇంటికి నీళ్లు ఆపే పెద్ద వాల్వు ఎక్కడుందో చెప్పాడట. పనిముట్ల పెట్టె ఎవరికివ్వాలో చెప్పాడట. పాపని ఎంత చదువుతానంటే అంత చదివించమన్నాడట, లెక్కలు రాకపోతే తిట్టొద్దన్నాడట. చివరికి, "పాప సంగతులు అయిపోయాయి. ఇక నీకు," అన్నాడట. అక్కడ ఆగింది.

"మరకేదో పడి ఉంటుంది, కంగారు పడకు," అని డిస్కులాయన డిస్కు తీసి చొక్కా అంచుతో తుడిచి పెట్టాడు. మళ్లీ అక్కడే ఆగింది, తర్వాతి గుర్తుకి దూకించినా రాలేదు. పాప కోసం చేసిన డిస్కు పెట్టాడు. "ఇక నీకు చెప్పాల్సింది ఒకటుంది. ఇన్నేళ్లూ," అన్నాడు బావ, గళ్లుగా విడిపోయాడు. చెల్లెలు కుర్చీ అంచుకి జరిగి కూర్చుంది. ఆ కొత్త మాటలు మూడూ ఆమె పెదాలు కూడా పలికాయి.

"ఫోన్లో కార్డు ఏదమ్మా?" అని అడిగాడు, అడుగుతూండగానే జవాబు గుర్తొచ్చి.

"నువ్వు ఖాళీ చేసిచ్చావుగా అన్నయ్యా. పాప స్కూలు ఫోటోలు నింపుకుంది."

"నా కంప్యూటర్లో ఉంటుందిలే, వెతికి పట్టుకొస్తా," అని డిస్కులాయన కార్డూ, పాప డిస్కూ తీసుకుని కొట్టుకి పరిగెత్తాడు.

తీసేసిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్లు కూడా ఊరికే దొరుకుతాయి. ఒకటి కాదు, నాలుగు దించాడు. కార్డులో స్కూలు ఫోటోలు తప్ప ఏమీ లేవు. కంప్యూటర్లో ఫైలు పేరు దొరికింది. ఆ రోజు తేదీ, గంట, అన్నీ ఉన్నాయి. తెరిస్తే లోపల ఎవరి పిల్లదో పుట్టినరోజు కేకు ముక్కలు ముక్కలుగా కనబడింది. బావ ఉన్న చోట ఈ ఎనిమిది నెలల్లో ఇంకెవరో వచ్చి కూర్చున్నారు.

ఇక మిగిలింది డిస్కే. పాడైన డిస్కులో చదవలేని చోటునే వందసార్లు చదివి చూసే సాఫ్ట్‌వేరు ఒకటుంది. అది పెట్టి ఆదివారం, సోమవారం కొట్టు తలుపులు దగ్గరికేసి కూర్చున్నాడు. డిస్కు లోపల తిరుగుతూ మూలిగింది, ఆగింది, మళ్లీ మూలిగింది. మంగళవారం పొద్దునకి పదకొండు సెకన్లు దొరికాయి. బొమ్మ లేదు. దగ్గు వినిపించింది. గ్లాసు ఎత్తిన చప్పుడు, నీళ్లు మింగిన చప్పుడు, గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. అంతే. మాట మొదలవబోతూ ఊపిరి తీసుకున్న దగ్గర అయిపోయింది.

డిస్కు బయటికి తీసి వెలుగులో పట్టుకుని చూశాడు. నడుమంతా అద్దంలా మెరుస్తోంది. అంచు చుట్టూ మాత్రం వేలెడు మేర మసకబారి ఉంది. అటక మీద ఎండకి కాగిన సరుకు. డిస్కు మీద రాత నడుమ నుంచి మొదలై అంచుతో ముగుస్తుందని ఆయనకి ఇరవై ఏళ్లుగా తెలుసు. చెడిపోయేది ఎప్పుడూ అంచే. మొదటి రెండు నిమిషాలు ఎప్పుడూ బాగానే ఉంటాయి. ఎన్ని ఇళ్లలో ఎన్ని పెళ్లిళ్లు చివరిదాకా ఆడకుండా ఆగిపోయాయో, వాళ్లు ప్లేయరునే తిట్టుకున్నారో ఏమో. చెప్పడానికి వచ్చినవాడు ఒక్కడే. వాణ్ణి వెటకారం చేసి పంపాడు.

జబ్బు చేతిలో ఒకసారి, తన చేతిలో ఒకసారి, బావ రెండుసార్లు పోయాడనిపించింది.

సాయంత్రం చెల్లెలే వచ్చింది. చేతిసంచిలో తన డిస్కు పెట్టుకుని వచ్చింది.

"దొరికిందా?"

డిస్కులాయన ఆ పదకొండు సెకన్లు వినిపించాడు. ఆమె కళ్లు మూసుకుని విని, మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాడు. మూడోసారి అడగలేదు.

"పోన్లే అన్నయ్యా. నువ్వు చేసేటప్పుడు చూసే ఉంటావుగా. ఏమన్నాడో నువ్వే చెప్పు."

ఆయన తలెత్తాడు. ఆమె మొహంలో ఇంకా ఆశ ఉంది. దాన్ని ఆర్పడం కన్నా అబద్ధమాడటం తేలికనిపించింది.

"ఆ... నిన్ను చాలా కష్టపెట్టానన్నాడమ్మా. నీలాంటి మనిషి దొరకడం తన అదృష్టమన్నాడు. ధైర్యంగా ఉండమన్నాడు."

"ఇంకా?"

"నన్ను చూసుకోమన్నాడు. నిన్నూ పాపనీ."

"ఎక్కడ నవ్వాడు?" అని అడిగింది.

"ఏంటమ్మా?"

"నాతో ఏ మాటన్నా నవ్వకుండా పూర్తి చెయ్యలేదన్నయ్యా ఆయన. డాక్టరు చెప్పింది నాకు చెప్పేటప్పుడు కూడా మధ్యలో నవ్వాడు. ఇది చెబుతూ ఎక్కడ నవ్వాడు?"

డిస్కులాయన ఎదురుగా ఉన్న తొడుగుల వరస సర్దడం మొదలెట్టాడు.

"రెండు నిమిషాలే చూశావు కదూ," అంది చెల్లెలు.

ఆయన మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. "నీ మాటలు నీకన్నా ముందు నేను వినకూడదనమ్మా," అన్నాడు ఏడుస్తూనే. అది నిజమే. కానీ ఒకసారి అబద్ధమాడిన నోటితో చెప్పేసరికి అదీ అబద్ధంలాగే వినిపించింది, ఆమెకే కాదు, ఆయనకీ.

చెల్లెలు తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన ఎదురుచూశాడు. ఆమె బల్ల చివర చార్జర్ల మధ్య నుంచి పాత నల్ల మార్కరు ఏరి తీసింది. ఆరిపోయి ఉంటే అరచేతి మీద రుద్ది రుద్ది తడి రప్పించింది. సంచిలోంచి డిస్కు తీసి, ఒకప్పటి తన చోట కూర్చుని, పెద్ద పెళ్లిళ్లకి రాసినట్టే గుండ్రటి అక్షరాలతో "ఒకటో డిస్కు" అని రాసింది. ఆరేదాకా ఊదింది. అన్నయ్య చేతికిచ్చింది.

ఆయన కన్నీళ్లు తుడుచుకుని, రెండు డిస్కులు పట్టే పాత డబ్బా ఒకటి వెతికి, దాన్ని ఎడమవైపు గూట్లో నొక్కి పెట్టాడు. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ రెండోదాని కోసం చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి అలాగే ఉంది. చెల్లెలు మార్కరు మూత పెట్టేసింది.